గ్రోత్ హార్మోన్ టెస్టుకు పరగడుపున రమ్మంటే పరగడుపునే రండి

ఆ పిల్లాడికి పదేళ్లు. సత్తెనపల్లి దగ్గర పల్లె నుంచి తెల్లవారుజామున బస్సెక్కి, ఏడున్నరకల్లా మా వార్డుకు వచ్చేశారు తల్లీ కొడుకూ. సూది పెట్టే ముందు నేను అందరినీ అడిగేదే అడిగాను. "రాత్రి అన్నం తర్వాత ఏమైనా తిన్నాడా అమ్మా?" "ఏమీ లేదు సిస్టర్, పాలు కూడా తాగలేదు" అంది. వాడు మాత్రం నా వైపు చూసి, "బస్టాండులో బిస్కెట్లు తిన్నా" అన్నాడు. ఆమె మొహం పాలిపోయింది. "రెండంటే రెండే సిస్టర్, ఏడుస్తుంటే ఇచ్చాను." రెండైనా, ప్యాకెట్టంతా అయినా మాకు ఒకటే. ఆ రోజు టెస్టు చెయ్యలేదు. బస్సు చార్జీలు, ఆమె కూలి, వాడి బడి, అన్నీ దండగ.

విజయవాడలో పిల్లల వార్డులో పదిహేనేళ్లుగా స్టాఫ్ నర్సుని. అందులో తొమ్మిదేళ్లుగా, పిల్లల్ని ఎత్తు పెంచే గ్రోత్ హార్మోన్ సరిపడా ఉందో లేదో చూసే ఈ టెస్టుల గదిలోనే ఉన్నాను. డాక్టరుగారు అన్నీ చెబుతారు, కానీ ఆ కంగారులో తల్లిదండ్రుల చెవికెక్కేది సగమే. మిగతా సగం బయటికొచ్చాక వరండాలో నన్ను అడుగుతారు. అక్కడ చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గోడ దగ్గర నిలబెట్టండి

"మా వాడు క్లాసులో అందరికన్నా పొట్టి, గ్రోత్ హార్మోన్ టెస్టు చెయ్యండి" అంటూ నేరుగా వచ్చేవాళ్లున్నారు. ఎంత పొట్టి అన్నదానికంటే ఏడాదికి ఎంత పెరుగుతున్నాడన్నది ముఖ్యం. ఇది తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఒక గోడ, ఒక టేపు, ఓపిక ఉంటే చాలు.

నాలుగైదేళ్లు దాటిన దగ్గర్నుంచి ఈడు వచ్చేదాకా పిల్లలు ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. 4 కంటే తక్కువ పెరుగుతుంటే డాక్టరు చూడాల్సిందే, అప్పటికి బిడ్డ మరీ పొట్టిగా కనిపించకపోయినా సరే. మొదటి ఏడాది 25 సెంటీమీటర్ల దాకా, రెండో ఏడాది 10, 12 పెరుగుతారు కాబట్టి చంటిపిల్లలకు ఈ లెక్క వర్తించదు.

కొలిచే పద్ధతి ఇదీ. స్కర్టింగ్ పట్టీ లేని నున్నటి గోడ చూసుకోండి. చెప్పులు, సాక్సులు తీసెయ్యాలి. ఆడపిల్లకు కొప్పు, నడినెత్తిన క్లిప్పు ఉంటే విప్పెయ్యాలి. మడమలు, పిరుదులు, భుజాల వెనక ఎముకలు, తల వెనక భాగం గోడకు ఆనాలి. గడ్డం పైకెత్తకూడదు. కంటి కింది ఎముక, చెవి రంధ్రం ఒకే అడ్డగీతలో ఉండేలా నేరుగా చూడమనండి. ఊపిరి నిండా పీల్చమని, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి నెత్తి మీదికి దించండి. పెన్సిలుతో గీత పెట్టి, కింద నేల దాకా ఇనుప టేపుతో కొలవండి. కుట్టు మిషను దగ్గరుండే గుడ్డ టేపు వద్దు, అది సాగుతుంది. మూడుసార్లు కొలిచి సగటు రాసుకోండి. ఎప్పుడూ ఉదయం పూటే కొలవండి. రోజంతా నిలబడి, పరిగెత్తి సాయంత్రానికి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాం మనం, పిల్లలైనా పెద్దలైనా.

ఆరు నెలలకోసారి కొలిస్తే చాలు. ప్రతి ఆదివారం కొలిచి టెన్షన్ పడే తండ్రిని ఒకాయన్ని చూశాను, పాపం ఆ బిడ్డ గోడను చూస్తేనే ఏడ్చేది. అటు అర సెంటీమీటరు, ఇటు అర సెంటీమీటరు కొలతలో తేడా వస్తుందనుకోండి. మూడు నెలల పెరుగుదలను నాలుగుతో గుణించి ఏడాది లెక్క కడితే, ఆ తప్పే 4 సెంటీమీటర్లవుతుంది. ఆ లెక్కతో ఎవరినైనా బెదరగొట్టవచ్చు, ఎవరినైనా మభ్యపెట్టవచ్చు. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది తేడా ఉన్న రెండు కొలతలు తీసుకురండి. స్కూలు హెల్త్ కార్డు, అంగన్‌వాడీ కార్డు, పాత డాక్టరు చీటీ మీద రాసిన ఎత్తు, ఏదైనా పనికొస్తుంది. పారెయ్యకండి.

దీనితోపాటు అమ్మానాన్నల ఎత్తు. నోటిమాటగా చెప్పేది కాదు, కొలిచింది. మగవాళ్లు తమ ఎత్తు రెండంగుళాలు కలిపి చెప్పడం నాకు అలవాటైపోయింది. ఇద్దరి ఎత్తూ కూడి, మగపిల్లాడైతే 13 కలపాలి, ఆడపిల్లయితే 13 తీసెయ్యాలి, వచ్చినదాన్ని రెండుతో భాగించాలి. నాన్న 170, అమ్మ 152 అయితే కొడుక్కు 167.5, కూతురికి 154.5. దీనికి అటూ ఇటూ ఓ 8 సెంటీమీటర్లు వదిలేస్తే, ఆ ఇంటి పిల్లలు పెద్దయ్యాక సాధారణంగా ఉండే ఎత్తు అదే.

డాక్టరుగారు ఈ కొలతల్ని చార్టు మీద చుక్కలుగా పెడతారు. ఐదేళ్ల లోపు వాళ్లకు డబ్ల్యూహెచ్‌ఓ 2006 చార్టు, ఐదు దాటినవాళ్లకు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో సవరించిన చార్టు. అన్నిటికంటే అడుగున ఉండేది 3వ గీత, నూటికి ముగ్గురే దానికి కింద ఉంటారు; చుక్క దానికి కింద పడితే పొట్టి అంటారు. చుక్కలు ఏడాదికేడాది పై గీత నుంచి కింది గీతలోకి జారుతుంటే, ఇంకా 3వ గీత దాటకపోయినా దాన్ని పట్టించుకుంటారు.

ఆగకూడని సందర్భాలు

ఆరు నెలలు కొలవమన్నాను కదా అని అందరూ ఆగకూడదు. తరచూ తలనొప్పి, పొద్దున్నే వాంతులు, చూపు తగ్గడం, విపరీతంగా దాహం వేసి మాటిమాటికీ మూత్రానికి పోవడం: ఎదుగుదల ఆగడంతోపాటు వీటిలో ఏది ఉన్నా ఆ వారంలోనే చూపించండి. మెదడులో, గ్రోత్ హార్మోన్‌ను వదిలే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉన్నా ఇలాగే మొదలవుతుంది. పుట్టిన కొత్తలో షుగర్ పడిపోవడం, పచ్చకామెర్లు చాలా రోజులు తగ్గకపోవడం, మగబిడ్డకు అంగం మరీ చిన్నగా ఉండటం, గ్రహణం మొర్రి, పైవరస మధ్యలో రెండు పళ్లకు బదులు ఒకటే పన్ను ఉండటం, ఎప్పుడైనా తలకు రేడియేషన్ ఇచ్చి ఉండటం, ఇవీ డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇవన్నీ అమ్మమ్మలకే బాగా గుర్తుంటాయి. వీలైతే ఆమెనూ వెంట తీసుకురండి.

గ్రోత్ హార్మోన్ కంటే ముందు చూసేవి

పొట్టిగా ఉన్న పిల్లల్లో గ్రోత్ హార్మోన్ లోపం ఉన్నవాళ్లు కొద్దిమందే. చాలామందికి కారణం ఇంటి పోలిక, లేదా ఆలస్యంగా ఎదిగే తీరు, లేదా సరిపడా తిండి లేకపోవడం, లేదా ఇంకేదైనా జబ్బు. అందుకే ముందు మామూలు రక్త పరీక్షలు రాస్తారు: రక్తహీనత, ఒంట్లో వాపు జబ్బు ఉందేమో చూసే ఈఎస్ఆర్, కిడ్నీ, లివరు, క్యాల్షియం, థైరాయిడ్, మూత్రం. మూత్రపిండాల వల్ల ఒంట్లో ఆమ్లం పేరుకుంటోందేమో చూడటానికి బ్లడ్ గ్యాస్. గోధుమ పడని జబ్బు, అంటే సీలియాక్, ఉందేమో చూడటానికి ఇంకొకటి. "మేం అన్నం తినేవాళ్లం, గోధుమ ఎక్కడిది సిస్టర్" అంటారు. ఉప్మా రవ్వ, సేమ్యా, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్టు, ఇవన్నీ గోధుమే. ఎవరో చెప్పారని ఈ టెస్టుకు ముందే గోధుమ మానిపించకండి, మానిపిస్తే జబ్బు ఉన్నా రిపోర్టులో దొరకదు.

థైరాయిడ్ సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ల పిల్లను గ్రోత్ హార్మోన్ టెస్టుకని పంపారు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలకపోతే పెరిగే హార్మోన్) చూస్తే వందకు పైన ఉంది. ఆ స్థితిలో గ్రోత్ హార్మోన్ టెస్టు చేస్తే తక్కువే వచ్చేది, లేని లోపాన్ని అంటగట్టినట్టయ్యేది. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు, అంతే. మరుసటేడు ఆ పిల్ల గౌను మోకాళ్ల పైకి వచ్చేసింది. రోజుకో చిన్న మాత్ర!

ఆడపిల్ల పొట్టిగా ఉంటే క్రోమోజోముల పరీక్ష రాస్తారు. "మా పిల్లకు బుద్ధి బాగానే ఉంది, ఇదెందుకు" అని చాలామంది మానేస్తారు. టర్నర్ సిండ్రోమ్ అని, ఆడపిల్లల్లో ఒక ఎక్స్ క్రోమోజోము లేకపోవడమో సగమే ఉండటమో జరుగుతుంది. చాలామందికి పైకి ఏమీ తెలియదు, చదువులో చురుగ్గానే ఉంటారు, పొట్టితనం ఒక్కటే కనిపిస్తుంది. రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ పరీక్ష మానకండి.

ఎడమచేతికి ఎక్స్‌రే తీస్తారు, విరిగిందని కాదు, ఎముకల వయసు చూడటానికి. చేతి ఎముకలు ఎంత ముదిరాయో పుస్తకంలోని బొమ్మలతో పోలుస్తారు. తొమ్మిదేళ్ల బిడ్డకు ఎముకల వయసు ఆరున్నర అని వస్తే, పెరగడానికి ఇంకా టైము మిగిలి ఉందని అర్థం. కానీ ఎముకల వయసు వెనకబడటం హార్మోన్ లోపంలోనూ ఉంటుంది, థైరాయిడ్‌లోనూ ఉంటుంది, ఆలస్యంగా ఎదిగేవాళ్లలోనూ ఉంటుంది. ఒక్క ఎక్స్‌రేతో ఏదీ తేలదు.

ఇక ఐజీఎఫ్-1. గ్రోత్ హార్మోన్ అందాక ముఖ్యంగా లివరు తయారుచేసే పదార్థం ఇది. రోజంతా దాదాపు నిలకడగా ఉంటుంది, కాబట్టి ఒక్క శాంపిల్ చాలు. అయితే బిడ్డ బక్కగా, తిండి సరిగ్గా లేకుండా ఉంటే ఇది తగ్గుతుంది. చిన్నపిల్లల్లో మామూలుగానే తక్కువ. వయసుకు తగ్గ లెక్కతో పోల్చకుండా అంకె ఒక్కటి చూసి ఏడవకండి.

ఒక్కసారి తీసిన రక్తంతో ఎందుకు తేలదు

బయట ల్యాబులో "గ్రోత్ హార్మోన్" అని ఒకే శాంపిల్ ఇచ్చి, 0.3 వచ్చిందని రిపోర్టు పట్టుకుని బిక్కమొహంతో వస్తారు. ఆ కాగితం దేనికీ పనికిరాదు. పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్‌ను కుళాయిలా ధారగా వదలదు, విడతలు విడతలుగా వదులుతుంది, అదీ ఎక్కువగా రాత్రి గాఢనిద్రలో. పగలు ఏ ఆరోగ్యవంతుడైన బిడ్డకు తీసినా సున్నాకు దగ్గరగా ఉండవచ్చు. ఒక్క మినహాయింపు, షుగర్ పడిపోయిన పసికందు. అప్పుడు తీసిన ఒక్క శాంపిలూ విలువైనదే.

అందుకే మందు ఇచ్చి గ్రంథిని రెచ్చగొట్టి, అది ఎంత వదలగలదో చూస్తాం. దీన్నే స్టిమ్యులేషన్ టెస్టు అంటాం.

మా దగ్గర ఎక్కువగా చేసేది క్లోనిడిన్‌తో. అది బీపీ మాత్ర. బిడ్డ ఎత్తూ బరువూ చూసి డాక్టరు డోసు కడతారు. మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక 30, 60, 90, 120 నిమిషాలకు రక్తం తీస్తాం. బీపీ తగ్గుతుంది, గంటలోపే బిడ్డ మత్తుగా పడుకుంటుంది, మొహం పాలిపోతుంది. ఇది ముందే చెప్పకపోతే తల్లులు భయపడిపోతారు. బీపీ మేం చూస్తూనే ఉంటాం. బాత్రూముకు మాత్రం ఒంటరిగా పంపకండి, లేవగానే కళ్లు తిరుగుతాయి.

ఇంకొకటి గ్లూకగాన్, కండకు ఇంజెక్షన్. ఇది మూడు గంటలు. కొందరు పిల్లలకు వాంతి వస్తుంది. షుగర్ మొదట పెరిగి తర్వాత పడిపోతుంది, కాబట్టి టెస్టయ్యాక కడుపునిండా తినిపించి, షుగర్ చూశాకే పంపిస్తాం. తొందరపెట్టకండి.

ఇన్సులిన్‌తో చేసే టెస్టు అన్నిటికంటే పాతది, జాగ్రత్త కూడా దీనికే ఎక్కువ కావాలి. కావాలనే షుగర్‌ను 40కి కిందకో, మొదట ఉన్నదాంట్లో సగానికో దించుతాం. చెమటలు పడతాయి, చిరాకు పడతారు, ఆకలి అంటారు. డాక్టరు మంచం పక్కనే ఉండాలి, గ్లూకోజు సిరంజిలో నింపి పెట్టుకోవాలి. మూర్ఛలు ఉన్న పిల్లలకు ఇది చెయ్యరు. ఈ టెస్టు చేస్తామన్న చోట డాక్టరు దగ్గరే ఉంటారా అని అడగండి, అడిగితే తప్పులేదు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా ఒక టెస్టులో తప్పుతుంటారు, అందుకే వేర్వేరు మందులతో రెండు టెస్టులు చేస్తారు. రెండింటిలోనూ తక్కువ వస్తేనే లోపం అంటారు. మొదటిదాంట్లోనే బాగా వస్తే రెండోది అక్కర్లేదు. డబ్బు గుంజడానికి రెండు చేస్తున్నారని అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను.

పదేళ్లు దాటిన ఆడపిల్ల, పదకొండు దాటిన మగపిల్లాడు ఇంకా ఈడు లక్షణాలు లేకుండా ఉంటే, టెస్టుకు ముందు కొన్ని ఆసుపత్రుల్లో సెక్స్ హార్మోన్ కొద్దిగా ఇస్తారు. ఆడపిల్లకు రెండు రోజులు మాత్ర, మగపిల్లాడికి వారం పది రోజుల ముందు ఒక ఇంజెక్షన్. ఒక తండ్రి నా మీద కేకలేశాడు, పిల్లాడికి టెస్టోస్టెరాన్ ఏంటని. ఆలస్యంగా ఈడొచ్చే పిల్లల్లో గ్రంథి ఇంకా మేలుకోక తక్కువ చూపిస్తుంది. ఈ మందు దాన్ని కాస్త తట్టిలేపుతుంది. లేకపోతే ఏళ్ల తరబడి అక్కర్లేని ఇంజెక్షన్లు రాయాల్సి రావచ్చు. అన్ని ఆసుపత్రుల్లోనూ ఇవ్వరు, ఇస్తారా లేదా అని మాత్రం అడిగి తెలుసుకోండి.

ముందు రాత్రీ, ఆ పొద్దునా

రాత్రి తొమ్మిదిలోపు అన్నం పెట్టెయ్యండి. తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. పాలు, టీ, బూస్టు, చాక్లెట్, చూయింగ్ గమ్, గుడి ప్రసాదం, ఏదీ వద్దు. ప్రసాదం మాట ఎందుకన్నానంటే, దారిలో కనకదుర్గమ్మ దర్శనం చేసుకుని లడ్డూ తినిపించి తెచ్చినవాళ్లున్నారు. టెస్టయ్యాక వెళ్లండి. మరీ చిన్నపిల్లలైతే ఎన్ని గంటలు పస్తు ఉంచాలో విడిగా అడగండి, పసివాళ్లకు షుగర్ త్వరగా పడిపోతుంది.

నీళ్లు బాగా తాగించండి. నీళ్లు తక్కువైతే నరం దొరకదు, ఆ తిప్పలు నావీ, మీ బిడ్డవీ. జ్వరం, జలుబు, విరేచనాలు ఉంటే ఫోన్ చేసి వాయిదా వేసుకోండి. వాడుతున్న మందులన్నీ తీసుకురండి: ఆస్తమా పంపు, స్టెరాయిడ్ మాత్రలు, థైరాయిడ్, జుట్టుకని వాడే బయోటిన్, ఎత్తు పెరగడానికని కొన్న పొడి డబ్బా. బయోటిన్ కొన్ని ల్యాబు మిషన్లలో రిపోర్టును తారుమారు చేస్తుంది.

పొట్టిచేతుల వదులు చొక్కా వెయ్యండి. దుప్పటి, మార్చడానికి ఒక జత బట్టలు, రంగుల పుస్తకం, ఫోన్ ఛార్జరు, టిఫిన్ బాక్సు తెచ్చుకోండి. బాక్సు బ్యాగులోనే ఉంచండి, ఇడ్లీ కారప్పొడి వాసన వార్డులో మిగతా పస్తు పిల్లల్ని కూడా ఏడిపిస్తుంది. సూదికి బాగా భయపడే బిడ్డయితే మొద్దుబార్చే క్రీము అడగండి, గంట ముందు రాయాలి. ఒక్కసారే సూది గుచ్చి నరంలో సన్నటి గొట్టం ఉంచుతాం, ఆ తర్వాత తీసే రక్తం అంతా అందులోంచే. సూది పెట్టాక వెంటనే మొదలుపెట్టం, ఏడుపు తగ్గి అరగంట కుదురుగా పడుకోవాలి. "రక్తమంతా లాగేస్తున్నారు" అంటారు మామ్మలు. ఐదుసార్లకూ కలిపి పెద్ద చెంచాడు, అంతే.

మీరు చూడాల్సింది ఇంకొకటుంది. ప్రతి ట్యూబు మీదా పేరుతోపాటు నిమిషాలు రాశారో లేదో. నేను కొత్తలో, వేరే చోట పని చేసేటప్పుడు, రెండు ట్యూబుల మీద టైము రాయడం మర్చిపోయాను. టెస్టంతా మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. ఆ పిల్ల రెండోసారి చెయ్యి చాపినప్పుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ఇంటికి బైకు మీద తీసుకెళ్లకండి. క్లోనిడిన్ మత్తు సాయంత్రం దాకా ఉంటుంది, ముందు కూర్చుని తూలిపోతారు. ఆటోనో బస్సో ఎక్కండి, ఆ రోజు బడి, సైకిలు వద్దు.

రిపోర్టు చేతికొచ్చాక

ఐదు అంకెలుంటాయి. ఉదాహరణకు 0.4, 2.1, 11.9, 8.3, 4.0. మొదటిది చూసి గుండె జారిపోతుంది చాలామందికి. దాన్ని వదిలెయ్యండి. సగటూ కట్టకండి. అన్నిటికంటే పెద్ద అంకె ఏదో అదొక్కటే చూడాలి, ఇక్కడ 11.9. చాలాకాలంగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు హద్దుగా వాడుతున్నారు, కొత్త కిట్లతో 7 దగ్గర పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మీ ల్యాబు కిట్టుకు హద్దు ఎంతో డాక్టరునే అడగండి. కొన్ని రిపోర్టులు మిల్లీ యూనిట్లలో ఉంటాయి, అది దాదాపు మూడు రెట్లు ఉంటుంది, రెండింటినీ కలిపి చదవకండి. బాగా లావుగా ఉన్న పిల్లల్లో హార్మోన్ లోపం లేకపోయినా అంకె తక్కువ వస్తుంది.

6.5 వస్తే లోపం, 7.2 వస్తే లేదు అని గీత గీసినట్టు ఉండదు. ఎదుగుదల వేగం, ఎముకల వయసు, ఐజీఎఫ్-1, ఈ అంకె, నాలుగూ ఒకే మాట చెబుతున్నాయా అని చూస్తారు మా డాక్టరుగారు. మీ గోడ కొలతలు ఉంటే ఆయన పని సగం తేలిక.

లోపం తేలితే పిట్యూటరీకి ఎంఆర్ఐ తీస్తారు, గ్రంథి చిన్నగా ఉందా, దాని కాడ తెగిందా, గడ్డ ఏమైనా ఉందా అని. థైరాయిడ్, కార్టిసాల్ కూడా చూస్తారు, గ్రంథి ఒక హార్మోన్‌లో వెనకబడితే మిగతావీ తగ్గి ఉండవచ్చు కాబట్టి. చికిత్స మామూలుగా రోజూ రాత్రి చర్మం కింద ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. 1985కి ముందు ఈ హార్మోన్‌ను చనిపోయినవాళ్ల పిట్యూటరీ నుంచి తీసేవారు, దానివల్ల కొందరికి మెదడు జబ్బు వచ్చిందని తెలిసి ఆ ఏడాది చాలా దేశాల్లో ఆపేశారు. ఇప్పుడిచ్చేది ల్యాబులో తయారైంది, ఆ భయం లేదు. "మెస్సీ కూడా వేసుకున్నాడటగా సిస్టర్" అని ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న తండ్రులు అడుగుతారు. వేసుకున్నాడు, చిన్నప్పుడే అతనికి లోపం ఉందని తేలింది కాబట్టి.

సత్తెనపల్లి పిల్లాడి సంగతి మధ్యలో వదిలేశాను. పది రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి వాళ్ల నాన్న కూడా వచ్చి బస్టాండులో బిస్కెట్ల కొట్టు దాటేదాకా వాణ్ని ఎత్తుకునే నడిచాడట. పైన రాసిన అంకెలు వాడివే. లోపం లేదు. ఎముకల వయసు రెండేళ్లు వెనక ఉంది, వాళ్ల నాన్న కూడా ఇంటర్ రెండో ఏడాదిలోనే పొడుగయ్యాడట. మందు ఏమీ రాయలేదు, ఆరు నెలలకోసారి ఎత్తు కొలిపించుకోమన్నారు.

మొన్న కొలతకు వచ్చినప్పుడు, తలుపు దగ్గరే నిలబడి "ఈసారి నిజంగా ఏమీ తినలేదు సిస్టర్, బస్సులో కూడా" అన్నాడు. ఎత్తు కొలవడానికి పస్తు అక్కర్లేదురా అని ఎవరూ వాడికి చెప్పలేదు. నా బాక్సులో రెండు ఇడ్లీలున్నాయి, ముందు అవి తినిపించి, తర్వాత గోడ దగ్గర నిలబెట్టాను.